ఐరిన్ సిస్టర్ వరి డ్రమ్ము

పోయిన నెల రెండో శనివారం ఉదయం ఏడూ నలభైకి మా ఇంటికి తాగే నీళ్ళ క్యాన్లు వచ్చాయి. ఖాళీవి ఇచ్చి పంపి తలుపు వేస్తూ ఉండగా ఫోను మోగింది. ఐరిన్ సిస్టర్ కొడుకు థామస్. "ఆంటీ, అమ్మ తెల్లవారుజామున నిద్రలోనే పోయింది" అన్నాడు. "మొన్న సాయంత్రం బాగానే ఉందిగా" అన్నాను. నిజంగానే బాగుంది. దోహా పక్కన అల్ వుకైర్‌లో వాళ్ళ ఇంటి వెనక కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, డ్రమ్ములో పెరుగుతున్న వరి వైపు చూస్తూ కూర్చుంది. వెళ్ళొస్తానంటే "ఎల్లిరా టీచరమ్మా. వచ్చే నెల వెన్ను తీస్తాది, అప్పుడు రా" అంది. ఎనభైకి దగ్గరపడిన మనిషి పోవడంలో వింత లేదు. అయినా ఆ క్యాన్లు లోపల పెట్టడం మరిచిపోయి వాటి పక్కనే నేల మీద కూర్చుండిపోయాను.

ఖతర్‌లో ఉన్న పాత తెలుగు కుటుంబాలకి ఆమెను పరిచయం చేయనక్కరలేదు. వాళ్ళ పిల్లల్లో చాలామందికి మొదటి స్నానం పోసింది ఆమే. ఇక్కడి ఆసుపత్రి ప్రసూతి వార్డులో నర్సుగా చాలా ఏళ్ళు పనిచేసింది. అందుకే ఊరంతా సిస్టర్ అని పిలిచేది. కొత్తగా వచ్చినవాళ్ళకి మాత్రం కొంచెం చెప్పాలి. ఆమె పుట్టింది మంగుళూరు పక్క పల్లెలో, కొంకణి మాట్లాడే కాథలిక్ రైతు కుటుంబంలో. నర్సు ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చి, అక్కడే జోసెఫ్ గారిని పెళ్ళి చేసుకుంది. తెలుగు ఆమెకు వార్డులో మంచాల మీదున్న జాలరి ఆడవాళ్ళు నేర్పారు. అందుకని ఆ మంగుళూరు మనిషి నోట విశాఖ సముద్రపొడ్డు మాట వినబడేది.

నా మొదటి కాన్పు రోజున ఆమెను మొదటిసారి చూశాను. చుట్టూ అరబ్బీ, ఉర్దూ, ఇంగ్లీషు. నాకు ఎవరి మాటా తలకెక్కడం లేదు. అప్పుడు ఒక నర్సు వచ్చి నా నుదురు తుడిచి, "ఓలమ్మో, ఏటమ్మా ఆ కేకలు? షేకులందరూ నిద్ర లేస్తారు. నొప్పొస్తే నా సెయ్యి కొరుకు, గొంతు మాత్రం దాసుకో. రేపు గుంటకి జోల పాడాల" అంది. నొప్పుల మధ్యలోనే నాకు నవ్వొచ్చింది. ఆ నెలలోనే వాళ్ళ బిల్డింగులో పై వాటా ఖాళీ అయితే మేము అద్దెకు వెళ్ళాం. కింద వాళ్ళు, పైన మేము. అలా పదకొండేళ్ళు ఉన్నాం.

చమురు ధర పెరిగి దోహా అంతా తవ్వి పోసుకుంటున్న రోజులవి. పొద్దున చూసిన రోడ్డు సాయంత్రానికి ఉండేది కాదు. జోసెఫ్ గారు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. "నేను గీసిన బిల్డింగు పక్కనే నిలబడి దారి అడగాల్సొస్తోంది" అనేవారు. ఎండాకాలం చివర గాలి తడితో బరువెక్కేది. ఇక్కడివాళ్ళు దాన్ని రుతూబా అంటారు. ఇంట్లోంచి బయట అడుగు పెడితే కళ్ళజోడు మీద తెల్లటి పొర కమ్మేది. సముద్రం ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. మన దగ్గర వానలు వెనకబట్టి, చేలు పచ్చబడి, పొద్దున పూట కాస్త చలిగాలి తగిలే ఆ నెలలో ఇక్కడ రుతువు మారిందని చెప్పే గుర్తు ఒక్కటీ ఉండేది కాదు.

ఐరిన్ సిస్టర్‌కి మాత్రం ఆ నెల మొదలవగానే కాలు ఒకచోట నిలిచేది కాదు. సెప్టెంబరు ఎనిమిదిన మేరీమాత పుట్టినరోజు. మంగుళూరు కాథలిక్కులకి అది కొత్త వరి పండుగ కూడా. మోంతి పండుగ అంటారు. దానికి ముందు తొమ్మిది రోజులు పిల్లలు పళ్ళేల్లో పూలు తెచ్చి, పసిబిడ్డగా ఉన్న మేరీ బొమ్మ మీద చల్లుతారు. పండుగ రోజు ఫాదర్ పచ్చి వరి వెన్నులు, అంటే కంకులు, దీవించి ఇంటింటికీ ఇస్తారు. ఆ గింజలు గోటితో ఒలిచి, కొబ్బరిపాలలో వేసి, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళతో మొదలుపెట్టి చంటిపిల్లల దాకా తలా ఒక గుక్క తాగుతారు. ఆ తర్వాతే భోజనం. చేప లేనిదే ముద్ద దిగని ఆ ఊళ్ళలో ఆ ఒక్కరోజు చేప వండరు. కూరలు మూడో, అయిదో, ఏడో, మొత్తానికి బేసిగా ఉండాలి. దూరాన ఉన్నవాళ్ళ వాటా గింజలు ఎండబెట్టి కవరులో పెట్టి పంపుతారు. "మడిసికో వెన్ను టీచరమ్మా. నీ పేరున వెన్నుంటే ఆ ఇంట్లో నువ్వున్నట్టు. లేకపోతే లేనట్టు" అని చెప్పేది.

ఆమె వాటా గింజలు మొదట్లో వాళ్ళమ్మ పంపేది. తల్లి పోయిన ఏడు రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. ఇంటి దగ్గర మిగిలింది అన్న లారెన్స్ ఒక్కడే. పండుగ దాటి నెల గడిచినా ఆమె పోస్టు పెట్టె దగ్గరికి వెళ్ళొస్తూనే ఉండేది. "ఒక ముక్క రాసి అడగరాదా?" అన్నాను.

"అడిగి తెప్పించుకుంటే అదేటి వెన్ను? బజార్లో సరుకు. ఆడపిల్లని లెక్కలోంచి తీసేసినాడు. తీసేసినాడో, మరిసిపోనాడో. రెండూ ఒకటే కదేటి."

ఆ మాట నవ్వుతూనే అంది. ఆ రాత్రి డ్యూటీకి వెళ్ళేటప్పుడు మాత్రం మా మెట్ల కింద నిలబడి, తాళంచెవి చేతిలోనే పెట్టుకుని దాని కోసం సంచీ అంతా వెతికింది. అన్న పంపకపోతే తనే పండించుకుంటానని జోసెఫ్ గారితో అంది ఆ వారమే.

జోసెఫ్ గారు కాగితం మీద గీతలు తప్ప నేల మీద ఒక గింజ వేసి ఎరగని మనిషి. సెలవుకి వెళ్ళి, విజయనగరం వైపు చుట్టాల ఊళ్ళో అడిగి, విత్తనం సాక్సులో పెట్టి సూట్‌కేసులో దాచి తెచ్చారు. ఆయన ఆ సాక్సు బల్ల మీద కుమ్మరించినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఊళ్ళో అన్నిటికంటే మంచి విత్తనం ఏదంటే ఇదన్నారు. అన్నం మల్లెపువ్వులా ఉంటుందట" అన్నారు.

"ఎన్నాళ్ళ పంటండీ?" అంది ఆమె.

"అదెవరు అడిగారు?"

ఆమె ఒక గింజ తీసి వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "బాగుంది" అంది.

ఇక్కడ నర్సయ్య గురించి చెప్పాలి. కరీంనగర్ వైపు మనిషి. మునిసిపాలిటీ తోటల కాంట్రాక్టులో పని. చెయ్యి తెగి ఆసుపత్రికి వచ్చినప్పుడు తెలుగు విని ఆమె వెంటబడ్డాడు. అప్పటి నుంచి శుక్రవారాలు క్యాంపు నుంచి వచ్చి వాళ్ళింట్లో అన్నం తిని పోయేవాడు. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోసి, తోట మన్నూ మేకల పెంటా నింపింది అతనే.

"గిదేంది సిస్టరమ్మా, ఎడారిల నాటేస్తున్నవా?"

"ఏం, నీకేటి నొప్పి?"

"నాకేం నొప్పి. దుబాయ్‌ల నాటేసిన అని రాస్తే మా అవ్వ నమ్మది. తాగి రాసిండనుకుంటది."

"ఇది దుబాయ్ కాదురా, ఖతర్."

"మా అవ్వకు గదంత దుబాయే."

కుళాయి నీళ్ళు ఉప్పన. పోస్తే నారు కొసలు ఎర్రబడ్డాయి. అప్పుడు ఆమె కళ్ళు మా ఏసీల మీద పడ్డాయి. అప్పట్లో అన్నీ కిటికీ ఏసీలే. వాటి నీళ్ళు వెనక సందులో కారి, నడిచేవాళ్ళ నెత్తిన పడేవి. ఆమె ప్రతి ఏసీ కిందా ఒక పాలపొడి డబ్బా పెట్టింది. నిండినప్పుడల్లా డ్రమ్ములో పోసేది. పక్క వాటాలో పఠాన్ డ్రైవరు ఉండేవాడు, గడ్డం నెరిసిన మనిషి. తన డబ్బా తనే మోసుకొచ్చి "సిస్టర్, పానీ!" అని సందంతా వినబడేలా అరిచేవాడు. చలి పుడుతోందని మా ఆయన ఏసీ తగ్గిస్తే కింద నుంచి కేక వచ్చేది. "మాస్టారూ! నా వరి సచ్చిపోతాది, ఏసీ పెంచండి!" ఆయన గొణుక్కుంటూ పెంచి దుప్పటి కప్పుకునేవారు.

మధ్యాహ్నాలు ఊరంతా నిద్రపోయేది. సందులో డబ్బాల్లో చుక్కలు పడే చప్పుడు మాత్రం ఆగేది కాదు. డబ్బా నిండేకొద్దీ ఆ చప్పుడు మారిపోయేది. మంచం మీద సగం నిద్రలో వింటుంటే ఎక్కడో చేలో నీళ్ళు ఒక మడి నుంచి ఇంకో మడిలోకి జారుతున్నట్టుండేది. నేను గోదావరి కాలవల పక్కన పుట్టినదాన్ని. కళ్ళు తెరిస్తే కాంక్రీటు గోడ, ఏసీ హోరు. మళ్ళీ మూసుకునేదాన్ని. జూలై వేడిలో ఆ డ్రమ్ము ఒక్కటే సందులో పచ్చగా ఉండేది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. ఒకరోజు ఒక అరబ్బు ముసలాయన ఆ ఆకుల మీద అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

ఆగస్టు చివరికి పిలకలు గుబురుగా వచ్చాయి. వెన్ను జాడ మాత్రం లేదు. ఒక సాయంత్రం ఆమె ఒక పిలకను వేళ్ళతో నొక్కి చూస్తూ నన్ను పిలిచింది.

"ఇది ఆరునెల్ల వరి టీచరమ్మా. నవంబరు దాకా వెన్ను తీయదు."

"మీకెప్పుడు తెలిసింది?"

"గింజ సూసిన్నాడే అనుమానం."

"మరెందుకు నాటారు?"

"సాక్సులో దాసి తెచ్చినాడు పాపం. కస్టమ్స్ దగ్గర సెమటలు కక్కినాడంట. ఎలాగ పారబొయ్యను?"

"ఆయనకి చెప్పరా?"

"నాను సెప్తే తగువవుద్ది. వరి సెప్తే ఎవుడితో తగువాడతాడు?"

తొమ్మిది రోజుల పూల పూజ ఆమె మానలేదు. అప్పట్లో ఇక్కడ చర్చి లేదు. శుక్రవారం ఎవరి ఇంట్లోనో, ఏ హాల్లోనో ప్రార్థన జరిగేది. బొమ్మ లేదు కాబట్టి ఆమె తెల్లగుడ్డతో పసిబిడ్డను కుట్టి, యాపిల్ పండ్ల పెట్టెలో పడుకోబెట్టింది. నర్సయ్య తోటల్లో కత్తిరించిన కాగితం పూలు, బిళ్ళగన్నేరు మూటగట్టి తెచ్చేవాడు. మా అమ్మాయీ థామసూ బిల్డింగులో మిగతా పిల్లలూ సాయంత్రం పళ్ళేలు పట్టుకుని వరసగా నిలబడేవాళ్ళు. ఒక్కొక్కరూ గుప్పెడు చల్లి వెనక్కి వెళ్ళేవారు. గదిలో దీపం ఒకటే. బయట తేమకి కిటికీ అద్దం మీద నీళ్ళు కారుతుండేవి. పూలన్నీ కలిసి ఆ గుడ్డబిడ్డ కనబడకుండా పోయేది.

"మా బతుకమ్మ లెక్కనే ఉన్నది సిస్టరమ్మా" అన్నాడు నర్సయ్య.

"మీ బతుకమ్మని నీళ్ళల్లో ఒగ్గేస్తారు. మా పిల్లని ఒగ్గం" అంది ఆమె.

"ఒగ్గుదమంటె ఈడ నీళ్ళేడున్నయి? ఏసీ కింద నిలబడాలె."

ఎనిమిదో తేదీ తెల్లారింది. జోసెఫ్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కత్తెర పట్టుకుని సందులోకి వచ్చారు. నేను పైన కిటికీలోంచి చూస్తున్నాను. డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగారు. ఆకులు విడదీసి చూశారు.

"ఐరిన్, వెన్నులేవీ?"

"రాలేదండి."

"ఎందుకు రాలేదు?"

"దానికింకా టైం కాలేదు."

"పండగ ఇవాళయితే దానికి టైం కాకపోవడమేంటి?"

ఆయన ముఖం చూసి ఎవరమూ నవ్వలేదు. కత్తెర తెరిచి పట్టుకుని, "పోనీ ఆకులైనా కోద్దాం. ఫాదర్‌ది గోధుమ దేశం. ఆయనకేం తెలుస్తుంది?" అన్నారు. ఆమె కత్తెర ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుంది. "వద్దండి. కడుపుతో ఉన్నదాన్ని కొయ్యకూడదు" అంది.

మధ్యాహ్నం అందరికీ భోజనం పెట్టింది. బెండకాయ, చేమాకు, బీరకాయ, దోసకాయ, అలసందలు, అయిదు కూరలు. కొబ్బరిపాలు తీసి గిన్నెలో ఉంచింది గానీ పోయలేదు. మూత పెట్టి పక్కకు జరిపింది. ప్రార్థన అయ్యాక, ఎవరితోనూ అన్నట్టు కాకుండా, "ఈ ఏడూ నాకు పుట్టినిల్లు లేదు" అంది. తర్వాత వెంటనే నర్సయ్యకి కూర వడ్డించింది. జోసెఫ్ గారు విస్తరి ముందు నుంచి లేచి సందులోకి వెళ్ళారు. చాలాసేపు రాలేదు. ఆయన ఖాళీ డబ్బాలు కూడా సరిచేసి పెట్టి వచ్చారని తర్వాత చూశాను.

ఇక ఆ వరి నవంబరులో పొట్టకొచ్చింది. అప్పటికి గాలి చల్లబడింది. ఆకాశం కడిగినట్టుంది. జనం ఏసీలు ఆపేశారు. నీళ్ళు ఆగిపోయాయి. సరిగ్గా గింజ పాలు పోసుకునే వేళ. ఐరిన్ సిస్టర్ ఎవరినీ ఏమీ అడగలేదు. జోసెఫ్ గారే ఇంటింటికీ వెళ్ళి తలుపు కొట్టారు. ఎప్పుడూ ఎవరినీ సాయం అడగని మనిషి. ఆ నెలంతా మేము దుప్పట్లు కప్పుకుని ఏసీలు వేసుకున్నాం. పఠాన్ డ్రైవరు స్వెట్టరు తొడుక్కుని ఏసీ ముందు కూర్చుని టీ తాగడం నేను కళ్ళారా చూశాను.

ఒక శుక్రవారం ఆమె వెన్నులు కోసింది. ఒక్కొక్కటి కోస్తూ ఒక్కొక్క పేరు చెప్పింది. మొదటి పేరు అన్న లారెన్స్‌ది. తర్వాత జోసెఫ్, థామస్, తను. ఆ తర్వాత ఆగుతుందనుకున్నాం. మా ఆయన పేరు, నా పేరు, మా అమ్మాయి పేరు, నర్సయ్య పేరు, పఠాన్ డ్రైవరు పేరు కూడా చెప్పింది. అందరికంటే పెద్దవాళ్ళు ముందు తాగాలి కాబట్టి వయసులు తేల్చాల్సి వచ్చింది.

"నీకెన్నేళ్ళురా నర్సయ్యా?"

"పాస్‌పోర్టుల ఒకటున్నది, మా అవ్వ లెక్కల ఒకటున్నది. నీకేది గావాలె?"

చివరికి పఠాన్ డ్రైవరే పెద్దవాడని తేలింది. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని బిస్మిల్లా అని తాగాడు. కొబ్బరిపాలలో పచ్చి గింజల వాసన. నాకు ఇప్పటికీ ఆ వాసన నిద్రలో వస్తూ ఉంటుంది. అన్న వాటా ఆమె కిటికీలో ఎండబెట్టి మంగుళూరుకి పంపింది. జవాబు రాలేదు.

మరుసటి ఏడు జోసెఫ్ గారు పంతంగా మూడునెల్ల విత్తనం తెప్పించారు. పండుగ ముందే వెన్నులొచ్చాయి. నిటారుగా నిలబడి ఉన్నాయి. ఆయన మా తలుపు కొట్టి మరీ పిలిచి చూపించారు. ఆమె ఒక గింజ నొక్కింది. ఇంకోటి నొక్కింది. అన్నీ తాలు. ఆగస్టు ఎండకి పువ్వు మాడిపోయింది.

"అంటే నేను మొదట తెచ్చిన విత్తనమే మంచిదన్నమాట" అన్నారు ఆయన.

"మంచిదే. మీకు తెలీకుండా మంచిదయ్యింది."

ఆ మాట ఆయన పోయేదాకా అందరికీ గొప్పగా చెప్పుకున్నారు. అప్పటి నుంచి వాళ్ళింట్లో సెప్టెంబరులో పూలూ బేసి కూరలూ, నవంబరులో కొత్త వరి. మంగుళూరులో గానీ ఇంకెక్కడ గానీ ఆ పండుగ అలా జరగదు. ఒకసారి ఫాదర్ "మీ ఇంట్లో మేరీమాతకి రెండు పుట్టినరోజులా సిస్టర్?" అని ఆటపట్టించారు. "పుట్టిన్రోజు ఒకటే ఫాదర్, పాయసం లేటు" అంది.

మూడో ఏడు మళ్ళీ ఆరునెల్ల వరే నాటింది. మళ్ళీ అన్న వాటా పంపింది. డిసెంబరులో ఒక సాయంత్రం మా ఫోను మోగింది. అప్పుడు ఆ బిల్డింగులో ఫోను మా ఒక్కరికే ఉండేది. ఎవరో కొంకణిలో మాట్లాడారు. పరిగెత్తి కిందికి వెళ్ళి పిలుచుకొచ్చాను. ఆమె మాట్లాడింది తక్కువ, విన్నది ఎక్కువ. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె వేలితో మా గోడ మీద సున్నం గీకుతూ ఉండడం మాత్రం చూశాను. ఫోను పెట్టేసి నా మంచం మీద కూర్చుంది.

"అమ్మ పోయాక పొలం అమ్మేసినాడంట. సొంత మడి లేక, కొన్న వరి పంపడానికి సిగ్గేసి ఊరుకున్నాడంట. ఆడు నన్ను తీసేసినాడని నాననుకున్నాను. పొలం అమ్మినోడు అన్నేటని నానే ఆడిని తీసేస్తానని ఆడనుకున్నాడంట." గోళ్ళలో ఇరుక్కున్న సున్నం దులుపుకుంది. "మొదటిసారి పంపిన గింజలు తినడానికి మొగం సెల్లక మేరీమాత ముందు పెట్టి ఉంచినాడు. ఈయేడు వదిన ఆటినీ ఈటినీ కలిపి పాలల్లో ఏసీసింది. ఇంటిల్లిపాదీ తాగినారంట. ఏటన్నాడో తెలుసా? ఖతర్ వరి కొంచెం కరకరలాడతందంట."

అప్పుడు ఏడ్చింది. నేను ఆమె ఏడవడం చూసింది అదొక్కసారే. జోసెఫ్ గారు పోయినప్పుడు కూడా చూడలేదు.

తర్వాతి సంవత్సరాలు కలలో నడిచిన దారిలా గడిచిపోయాయి. ఆ బిల్డింగు పడగొట్టారు. ఆ సందు ఉన్నచోట ఇప్పుడు వెడల్పు రోడ్డుంది. పఠాన్ డ్రైవరు పెషావర్ వెళ్ళిపోయాడు. నర్సయ్య ఊరు చేరి చాలా కాలమైంది. సెలవుకి వెళ్ళే ఎవరో ఒకరి చేతికిచ్చి అతని వాటా పంపేది. జోసెఫ్ గారిని విశాఖలో మట్టి చేశాక ఆమె థామస్ దగ్గరికి అల్ వుకైర్ వచ్చింది. డ్రమ్మూ వచ్చింది. కొత్త ఏసీకి నీళ్ళ గొట్టం ఉంటే దాన్ని డ్రమ్ములోకి తిప్పించింది. ఏటేటా అందులోంచే విత్తనం తీసి దాచేది. పేర్లు మాత్రం పెరుగుతూ పోయాయి. పోయినవాళ్ళ పేర్లు కూడా చెప్పి కోసేది. అదేమిటని అడిగితే "కలపడం నేర్సుకున్నాను గానీ తియ్యడం నాకు రాదు టీచరమ్మా" అంది. ఆ పేర్లన్నీ ఆమెకే తెలుసు.

ఆమె గురించి పెద్ద మాటలు రాయడం నాకు ఇష్టం లేదు. ఆమెకీ నచ్చేది కాదు. ఎవరూ తనను పిలవని చోట కూర్చుని ఎదురుచూడకుండా, తనే అందరినీ పిలిచిన మనిషిని నేను ఆమెనొక్కరినే చూశాను. ఆమె వరసలో ఒక పేరుగా ఇన్నేళ్ళు ఉన్నాను. ఇప్పుడు నన్ను అలా లెక్కపెట్టేవాళ్ళు ఈ దేశంలో లేరు.

ఆమెను విశాఖ తీసుకెళ్ళి జోసెఫ్ గారి పక్కన పడుకోబెట్టాం. లారెన్స్ గారు కదల్లేని స్థితిలో ఉన్నారు. ఫోనులో థామస్‌ని ఓదార్చాక, "వరి వెన్ను తీసిందా?" అని అడిగారట. థామస్ "చూస్తాను మామా" అన్నాడు. మేము తిరిగొచ్చేసరికి పన్నెండు రోజులైంది. ఇల్లు తాళం వేసి ఉంది కాబట్టి ఏసీ ఆగిపోయి ఉంది. డ్రమ్ములో మట్టి నెర్రెలు విచ్చింది. ఆకులు చేత్తో పట్టుకుంటే పొడి అయ్యాయి. థామస్ ఒక కాడ చీల్చి చూశాడు. లోపల వెన్ను తెల్లగా, దారంలా, అలాగే ఆగిపోయి ఉంది.

"మామకి ఏం చెప్పను ఆంటీ?" అన్నాడు.

విత్తనాల సీసా అలమారాలో ఉంది. నాటవచ్చు. నాటినా ఎవరి పేరున ఎన్ని కోయాలో మా ఇద్దరికీ తెలియదు. పైగా థామస్ జనవరిలో లుసైల్‌లో ఫ్లాటుకి మారుతున్నాడు. అక్కడ చల్లగాలి గొట్టాల్లో వస్తుంది, నీళ్ళు ఎటు పోతాయో కనబడదు. వారం తర్వాత అతను మంగుళూరుకి ఫోను చేసి ఉన్న సంగతి చెప్పాడు. లారెన్స్ గారు "సరే నాయనా" అన్నారట.

ఇప్పుడు ఖతర్ నుంచి మంగుళూరుకి ఎవరూ వరి పంపడం లేదు.